తెలుగు నేర్చిన కాపరి: డోర్నకల్ బిషప్ అజరయ్య శీలం, ఆత్మజీవనం

ఒక పాఠశాల డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకొన్న శుభసమయంలో ఆ పాఠశాల చరిత్రను మాత్రమే గాక, అది ఏ విలువల కోసం నిలిచిందో ఆ విలువలకు నిలువెత్తు ఉదాహరణగా జీవించిన మహనీయులను కూడ స్మరించుకోవడం సముచితం. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల బిడ్డల కోసం వెలసిన బడి మనది. తెలుగు సీమ నుండి ఇటు వచ్చి ఇక్కడి మట్టిలో వేళ్ళూనుకొన్న మన పెద్దల కథ ఈ సంచికలో పలుచోట్ల కనిపిస్తుంది. దానికి ఎదురుగా నిలిచే మరొక కథ ఉన్నది. అది తమిళనాట పుట్టి, ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు పల్లెలకు తరలివెళ్ళి, తెలుగు నేర్చి, తెలుగువారికి బడి పెట్టి, తెలుగు నేలలోనే కన్నుమూసిన ఒక క్రైస్తవ కాపరి కథ. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945).

ఏ మతానికి చెందిన పాఠకుడైనా ఆయన జీవితం నుండి గ్రహించదగినది ఉన్నదన్న నమ్మకంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఒక మనిషి విశ్వాసం అతని నడవడిలో ఏ విధంగా రూపు దాల్చింది, ఆ నడవడి వేలాది నిరుపేదల జీవితాలను ఏ విధంగా తాకింది అన్నదే ఇక్కడ మనకు ప్రధానం.

జననం, బాల్యం

తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై అనే చిన్న పల్లెలో 1874 ఆగస్టు 17న అజరయ్య జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం నాడార్ కులస్థుడు. ఆయన 1839లో క్రైస్తవ మతాన్ని స్వీకరించి, కాలక్రమంలో గ్రామ సంఘానికి గురువైనారు. తల్లి ఎల్లెన్. ఆ దంపతులకు తొలుత ఒక ఆడపిల్ల కలిగిన పిదప చాలాకాలం వరకు మరొక సంతానం లేకపోయింది. తల్లి చేసిన ప్రార్థనల ఫలంగా కలిగిన బిడ్డ కనుక, బైబిలులోని హన్నా తన కుమారునికి పెట్టుకొన్న పేరునే ఈ బిడ్డకూ పెట్టి శామ్యూల్ అని పిలుచుకొన్నారు. 1889లో తండ్రి గతించేనాటికి బాలునికి పదునైదేండ్లు. అటుపై ఆ బిడ్డను తీర్చిదిద్దిన ఘనత తల్లిదే. ఆమె క్రమశిక్షణ, ప్రార్థనాశీలత కుమారుని స్వభావంలో జీవితాంతం నిలిచిపోయాయి.

మేఘ్ఞానపురం, పాళయంకోట మిషను పాఠశాలల్లో చదువు సాగింది. ఆనాటి క్రైస్తవ విద్యార్థుల మధ్య సైతం కులభేదాలు బలంగా ఉండేవి. ఒకే దేవుని ప్రార్థించే పిల్లలు భోజనం వద్ద మాత్రం వేర్వేరు పంక్తుల్లో కూర్చొనేవారు. ఈ విభేదాన్ని తొలగించాలని విద్యార్థులతో ఒక సంఘం ఏర్పరచడానికి ఆయన పూనుకొన్నారు. మున్ముందు ఆయన జీవితమంతా సాగించిన పోరాటానికి బీజం పాళయంకోట బడిలోనే పడినదని చెప్పవచ్చు.

తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రం అభ్యసించారు. అనారోగ్యం కారణంగా పట్టభద్రులు కాలేకపోయారు. అలా పట్టా లేకుండ కళాశాల విడిచిన విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. పరీక్ష తప్పినంత మాత్రాన బ్రతుకు తప్పినట్టేనని కుమిలిపోయే నేటి విద్యార్థులు, వారిని అంతకంటె ఎక్కువగా కుమిలేటట్లు చేసే తల్లిదండ్రులు, ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకొంటే చాలు.

యువజన సేవ నుండి పల్లెబాటకు

1895లో అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా నియుక్తులైనారు. దక్షిణ భారతమంతటా పర్యటిస్తూ యువకులను కూడగట్టారు. అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీతో ఆయనకు ఈ కాలంలో ఏర్పడిన స్నేహం కడవరకూ నిలిచింది. పాలకజాతి మనిషికి, పాలిత దేశపు మనిషికి మధ్య సమానస్థాయి స్నేహం అరుదుగా ఉన్న రోజులవి. అట్టి స్నేహం సాధ్యమేనని స్వానుభవంతో తెలుసుకొన్నవారు కనుకనే, అది లేని చోట ఆ లోటును ఎత్తిచూపే ధైర్యం అజరయ్యకు కలిగింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. కట్నకానుకల ఆచారాన్ని ఆ దంపతులు కాదన్నారు. పెండ్లి నిరాడంబరంగా జరిగింది. తమిళంలో ‘అన్బు’ అంటే ప్రేమ. దక్షిణ భారతంలో కళాశాల మెట్టెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆమె గురించి మరల ప్రస్తావిస్తాను.

1902లో అజరయ్య యాళ్పాణం వెళ్ళారు. సింహళద్వీపంలోని ఆ తమిళ క్రైస్తవులు సంఖ్యలో స్వల్పులు. అయినా తమ సొంత సొమ్ముతో, తమ సొంత మనిషిని పరప్రాంతానికి సేవకు పంపుతున్నారు. ఆ దృశ్యం ఆయనను ఆలోచింపజేసింది. తిరునెల్వేలి క్రైస్తవులు వారికంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది గదా, తాము ఎంతకాలం విదేశీయుల ధనం మీద, విదేశీయుల శ్రమ మీద ఆధారపడి ఉండాలి? ఆ మథనం నుండి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయుల సొమ్ము, భారతీయుల శ్రమ, భారతీయుల నిర్వహణ దాని సూత్రాలు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో ఆవిర్భవించిన నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపకులలోనూ ఆయన ఉన్నారు. వంగదేశంలో స్వదేశీ ఉద్యమం ఊపందుకొన్న సంవత్సరమది. స్వావలంబన అన్న మాట దేశమంతటా వినిపిస్తున్న వేళ, మతసేవలోనూ అదే మాట పలికిన దూరదర్శి అజరయ్య.

తిరునెల్వేలి సొసైటీ తన సేవాక్షేత్రంగా ఎంచుకొన్నది నిజాం రాష్ట్రంలోని డోర్నకల్ ప్రాంతాన్ని. నేడు ఆ ఊరు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. రైలుమార్గం మీద ఒక కూడలిగా తప్ప ఆనాడు దానికి వేరే ప్రసిద్ధి లేదు. చుట్టూ అడవి, మెట్టచేలు, దొరల పెత్తనం, ఊరి వెలుపల మాలమాదిగల వాడలు.

మనుష్యులను పంపమని ఊరూర ఉపన్యసించిన అజరయ్యకు ఒక ప్రశ్న ఎదురైంది. ఇతరులను పొమ్మని చెప్పే తాను పోకుండ ఉండవచ్చునా? దేశమంతటా పేరున్న పదవిని, నగరజీవితాన్ని వదలుకొని, 1909లో గురువుగా అభిషిక్తులై, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. తాను పలికిన మాటకు తానే తొలి సాక్షిగా నిలవడం ఆయన శీలంలోని మొదటి గుణం.

తెలుగు నేర్చిన తమిళుడు

డోర్నకల్ వచ్చేనాటికి ఆయనకు తెలుగు పరభాష. తమిళంలోనూ ఆంగ్లంలోనూ అనర్గళంగా ఉపన్యసించగల వక్త, ముప్పది అయిదేండ్ల వయస్సులో పసిపిల్లవాడివలె అక్షరాలు దిద్దవలసి వచ్చింది. దుబాసీని పెట్టుకొని కాలక్షేపం చేయడానికి ఆయన అంగీకరించలేదు. తెలుగులో మాట్లాడారు, తెలుగులో ప్రార్థించారు, తెలుగులో బోధించారు. దుబాసీ ద్వారా ఉపన్యాసం చేయవచ్చునేమో గాని, ఒక తల్లి కష్టం వినడం సాధ్యం కాదు గదా!

ఈ విషయం మన పాఠశాలవారికి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తమిళనాట 2006లో వచ్చిన చట్టం తరువాత మన పిల్లలు తమిళం కూడ నేర్చుకొంటున్నారు. మాతృభాష వెనుకబడిపోతుందేమోనన్న బెంగ తల్లిదండ్రులలో ఉన్నది. ఆ బెంగ న్యాయమైనదే. మాతృభాషను కాపాడుకోవడం మన హక్కు, మన బాధ్యత. దానితో పాటు అజరయ్య జీవితం మరొక సత్యాన్ని గుర్తుచేస్తుంది. ఆయన తెలుగు నేర్చినందువలన ఆయన తమిళం తరిగిపోలేదు. ఇరుగుపొరుగు మనిషి మీద ప్రేమతో నేర్చిన భాష మన భాషకు పోటీ కాదు, మన ఇంటికి మరొక గుమ్మం.

ఎడింబరో సభలో సత్యవాక్కు

1910 జూన్ మాసంలో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందలకు మించిన ప్రతినిధులలో ఆసియా ఖండంవారు ఇరువదిమంది కూడ లేరు. విదేశీ మిషనరీలకు, స్వదేశ సేవకులకు మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను కోరారు. పొగడ్తలతో సరిపుచ్చుకోదగిన అవకాశమది. కాని ఆయన నిజం పలికారు. దూరదేశాల నుండి వచ్చిన మిషనరీలు తమ సుఖాలను త్యాగం చేసి వచ్చారు, అందుకు భారతీయులు కృతజ్ఞులే. అయినా వారిలో పెక్కుమంది తమతో పనిచేసే భారతీయుణ్ణి తమ బల్ల వద్దకు భోజనానికి పిలవరు, ఇంటికి వచ్చినవానికి చేయి అందించడానికి సంకోచిస్తారు. దానం చేశారు, శ్రమ చేశారు, కాని తమకు కావలసింది స్నేహం. ఆయన ఉపన్యాస సారాంశం ఇది.

సభ నిశ్శబ్దమైపోయిందట. కొందరు నొచ్చుకొన్నారు, కొందరు మెచ్చుకొన్నారు. నూరేండ్లు దాటిన తరువాత ఆ సభను గూర్చి వ్రాసే చరిత్రకారులు నేటికీ విడువకుండ ప్రస్తావించే ప్రసంగాలలో అది ఒకటి. ద్వేషం లేకుండ, భయం లేకుండ, ఎదుటివాని ఇంట నిలబడి అతని లోపాన్ని చెప్పగలగడం సామాన్యమైన విషయం కాదు. అహంకారం ఉన్నవాడు దానిని కోపంగా చెబుతాడు, పిరికివాడు చెప్పకుండ ఊరుకొంటాడు. వినయమూ ఆత్మగౌరవమూ ఒకే గుండెలో ఇమిడి ఉన్నవాడు మాత్రమే స్నేహాన్ని అర్థిస్తూ సత్యం చెప్పగలడు.

తొలి భారతీయ బిషప్పు

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అధిష్ఠించిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఆయనకు అండగా నిలిచినా, ఈ నియామకం సులభంగా సాగలేదు. భారతీయుని కింద పనిచేయడమా అని కొందరు ఆంగ్లేయులు ఆక్షేపించారు. ఆయన కులాన్ని మనస్సులో ఉంచుకొని సొంత ప్రాంతపు క్రైస్తవులలో కొందరు సైతం అభ్యంతరపెట్టారు. ఆయన వీరికి గాని వారికి గాని మాటలతో జవాబు చెప్పబోలేదు. పనిలోనే జవాబు ఉన్నదని ఎరిగినవారు.

మొదట ఆయనకు అప్పగించిన అధ్యక్షఖండం చాల చిన్నది. 1920ల ఆరంభంలో కృష్ణా తదితర జిల్లాల సంఘాలు కూడ చేరి అది విశాలమైంది. ఆయన కాలంలో ఆ ఖండంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాలమాదిగ వాడలవారు. 1945 వరకు, అంటే ముప్పది రెండేండ్లపాటు, ఒక అధ్యక్షఖండానికి నాయకత్వం వహించిన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన ఒక్కరే.

పల్లెబడి, పల్లెపంతులు

ఉపాధ్యాయవృత్తిలో ఉన్నదానిని కనుక నా దృష్టి సహజంగా ఆయన పెంచిన పల్లెబడుల మీదకు పోతుంది. ప్రతి పల్లెకూ ఒక పంతులు కావాలన్నది ఆయన పట్టుదల. ఆ పంతులు పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. పగలంతా పశువులు కాసి, కూలికి పోయి వచ్చినవారికి రాత్రి లాంతరు వెలుగులో చదువు, పాట, ప్రార్థన నేర్పేవాడు. తగవు వస్తే పెద్దమనిషి, జబ్బు చేస్తే మందు తెచ్చేవాడు, ఉత్తరం వస్తే చదివిపెట్టేవాడు కూడ అతడే. తరతరాలుగా అక్షరానికి దూరమైన వాడల నుండే ఈ పంతుళ్ళు రావాలని, వారిలో నుండే గురువులు తయారుకావాలని అజరయ్య కోరుకొన్నారు. డోర్నకల్‌లో వేదాంత పాఠశాల పెట్టి అట్టివారికి శిక్షణ ఇప్పించారు. మరొక విశేషమేమంటే, భర్తతో పాటు భార్యకూ శిక్షణ ఉండేది. ఇల్లాలికి చదువు రాని ఇంటి నుండి ఊరికి వెలుగు రాదని ఆయన ఎరుగుదురు.

మురికి, రోగం, అప్పు, మద్యం — ఈ నాలుగింటినీ పల్లెను పట్టి పీడించే నాలుగు దయ్యాలని ఆయన చెప్పేవారు. దయ్యాలను వెళ్ళగొట్టడమంటే మంత్రాలు చదవడం కాదు. వాడను శుభ్రంగా ఉంచుకోవడం, వైద్యం చేయించుకోవడం, షావుకారు వద్ద అప్పు చేయకుండ పొదుపు చేసుకోవడం, కల్లుదుకాణం వైపు పోకుండ ఉండడం. నిరుపేద శ్రోతలకు ఇంత సూటిగా అర్థమయ్యే బోధ మరొకటి ఉండదు. ఆ వాడల జీవితంలో వచ్చిన మార్పును కళ్ళారా చూచి, 1930లలో రెడ్డి, కమ్మ మొదలైన వ్యవసాయ కులాలవారిలో కొందరు సైతం ఈ సంఘాలవైపు ఆకర్షితులైనారని చరిత్రకారులు వ్రాశారు. పాలేరు నడవడిని చూచి ఆసామి ఆలోచనలో పడడం ఆనాటి తెలుగు పల్లెలో అపూర్వమైన సంగతి.

పేదవాడు పుచ్చుకొనేవాడే గాని ఇచ్చేవాడు కాదన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఇవ్వడంలోనే మనిషికి గౌరవం ఉన్నదని నమ్మి, క్రైస్తవ దానధర్మాన్ని గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. అన్నం వండేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం దేవుని పేర తీసి ఉంచడం, కోతపండుగనాడు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకొని మేళతాళాలతో ఊరేగింపుగా గుడికి తేవడం తెలుగు సంఘాలలో వేళ్ళూనుకొన్న ఆచారాలు. పిడికెడు బియ్యం విలువ ఎంత అని లెక్కకట్టేవారికి దాని అర్థం తెలియదు. నేను కూడ ఇవ్వగలను అన్న తలంపు, వందలయేండ్లు వంగిన వెన్నును నిటారుగా నిలిపింది.

బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతులను తమ తలలపైనే ఉంచుకొని, ఈ శుభవార్తను ఇతరులకు చెప్పడం తమ విధి అని ప్రమాణం చేయించడం ఆయన పద్ధతి. బిషప్పు మొదలు పశువులకాపరి వరకు ఈ విధి విషయంలో అందరూ సమానులేనని ఆ చిన్న క్రియ చెప్పకనే చెప్పింది.

అన్బు అమ్మగారు

అజరయ్య చరిత్రలో అన్బు అమ్మగారిని అడుగున దాచిపెట్టడం న్యాయం కాదు. తన ఊరిని, తన భాషను వదలి ఆమె కూడ తెలుగు పల్లెలకు వచ్చారు. భర్తతో ఎడ్లబండి మీద గ్రామాలు తిరిగారు. ఆడవారిని కూడదీసి వారికి చదువు, శుభ్రత, శిశుపోషణ, ప్రార్థన నేర్పారు. ఆరుగురు బిడ్డలను పెంచారు. బిషప్పు మాట వాకిట వరకే పోగలదు, వంటింటి వరకు పోగలిగింది ఆమె మాటే. స్త్రీలలో వచ్చిన మార్పు లేకుంటే వాడలలో వచ్చిన మార్పు ఒక తరంతోనే అంతరించిపోయి ఉండేది.

ఆత్మజీవనం

ఇంతటి కార్యభారాన్ని మోసిన మనిషికి బలం ఎక్కడి నుండి వచ్చింది? ఆయనను ఎరిగినవారు ఒకే మాట చెప్పారు: తెల్లవారకముందే ప్రారంభమయ్యే ప్రార్థన నుండి. ఆ ప్రార్థన తన కోసం అడుగుకొనే కోరికల పట్టిక కాదు. తన కింద పనిచేసే గురువులను, సంస్థలను, సంఘాలను పేరుపేరునా తలచుకొని దేవునికి అప్పగించే విజ్ఞాపన. వేకువన పేరు పెట్టి తలచుకొన్న మనిషిని పగటివేళ చులకనగా చూడడం సాధ్యం కాదు. ఆయన భక్తికి, ఆయన మానవసంబంధాలకు మధ్యనున్న ముడి ఇదే.

అంతమాత్రాన ఆయన మెత్తనివారనుకోరాదు. క్రమశిక్షణలో కఠినులు. అలసత్వాన్ని, లెక్కలలో నిర్లక్ష్యాన్ని, గురువులలో కులాభిమానాన్ని సహించేవారు కారు. ఆ కాఠిన్యం కొందరికి రుచించలేదు. అయితే ఇతరులను అడిగిన కష్టాన్ని ఆయన తాను పడకుండ ఉన్న సందర్భం కనిపించదు. ఎండలో, వానలో, బండి మీద, నడిచి పల్లెలు తిరిగిన బిషప్పు, పల్లెలు తిరగమని గురువులను ఆజ్ఞాపించగలరు.

ఆయన భక్తి తెలుగు నేల వాసన వేసింది. ఆంగ్లికన్ ఆరాధనాక్రమాన్ని పాటిస్తూనే తెలుగు కీర్తనలను, భజనలను, పల్లెపదాలను, కోలాటాలను, జాతరలవంటి కూడికలను ఆయన ప్రోత్సహించారు. పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి పూర్వకవులు తెలుగులో కీర్తనలు కట్టి వేసిన బాట అప్పటికే ఉన్నది. అక్షరం రానివాడు కూడ పాట నేర్వగలడు. పాట వచ్చినవాడు అక్షరం కోసం ఆరాటపడతాడు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ ఈ భావనకు రాతిరూపం. దాదాపు పాతికేండ్ల శ్రమ ఫలించి 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ మండపాలను తలపించే స్తంభాలు, మసీదులను తలపించే గుమ్మటాలు ఒకేచోట కలిసిన కట్టడమది. నిజాం రాష్ట్రంలో తెలుగు హిందువులు, మహమ్మదీయులు కలిసి మెలిసి ఉన్న నేల మీద, ఆ నేల శిల్పసంప్రదాయాలన్నీ తన గుడిలో చోటు చేసుకోవాలని ఆయన కోరుకొన్నారు.

మహనీయుల మధ్య అభిప్రాయభేదం

1930లలో మతాంతరీకరణ విషయమై గాంధీ మహాత్మునికి, అజరయ్యకు మధ్య తీవ్రమైన అభిప్రాయభేదం ఏర్పడింది. నిరుపేదల సామూహిక మతమార్పిడి వెనుక నిజమైన ఆత్మపరివర్తన ఉన్నదా అని గాంధీజీ సందేహించారు. పేదవానికి కూడ ఆత్మ ఉన్నది, తన విశ్వాసాన్ని తాను నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఉన్నది అని అజరయ్య భావించారు. ఇరువురూ దేశభక్తులే, ఇరువురూ అంటరానితనాన్ని అసహ్యించుకొన్నవారే. ఇక్కడ గుర్తించవలసిన సంగతి మరొకటి ఉన్నది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కేటాయించడాన్ని అజరయ్య వ్యతిరేకించారు. తన సంఘం రాజకీయ లాభం కోసం దేశం నుండి వేరుగా నిలబడే వర్గం కారాదని ఆయన అభిమతం. తన వర్గానికి వచ్చే లాభాన్ని కాదనగల నాయకులు ఏ కాలంలోనైనా అరుదు.

1935లో తాను హిందువుగా మరణించబోనని డాక్టర్ అంబేడ్కర్ ప్రకటించిన తరువాత, అజరయ్యకు ఆయనతో సంభాషించే అవకాశం కలిగింది. మావారు క్రైస్తవులైతే ఎక్కడ నివసించినా ఒకే సంఘంగా ఉండగలరా, మీలో కులభేదం లేకుండ ఉన్నదా అని అంబేడ్కర్ అడిగారట. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేక తాను సిగ్గుతో క్రుంగిపోయినట్లు అజరయ్య చెప్పుకొన్నారని ఆయన జీవితచరిత్రకారులు వ్రాశారు. తనవారి లోపాన్ని కప్పిపుచ్చి వాదించే నేర్పు ఆయనకు లేకపోలేదు. ఆ నేర్పును ఉపయోగించకపోవడమే ఆయన గొప్పదనం.

ఐక్యతా స్వప్నం, అస్తమయం

ఆ సిగ్గు ఆయనలో పాతికేండ్లుగా ఉన్న ఆకాంక్షను మరింత తీవ్రం చేసింది. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాల గురువులు సమావేశమై క్రైస్తవ సంఘాల ఐక్యతకు తొలి అడుగు వేశారు. ఆ సమావేశ సారథులలో అజరయ్య ప్రముఖులు. ఐరోపాలో ఎన్నడో జరిగిన తగవుల కారణంగా తెలుగు పల్లెలోని పేదలు చీలిపోవడం ఆయనకు అర్థరహితంగా తోచింది. చర్చలు ఏండ్ల తరబడి సాగాయి. ఆయన ఓపిక వహించి, విసుగు చెందక, విడివిడి సంఘాల నాయకులను కూర్చోబెట్టి మాట్లాడుతూనే ఉన్నారు.

ఫలితాన్ని చూచే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన పరమపదించారు. రెండేండ్ల పైచిలుకు తరువాత, భారత స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు నగరంలో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. విత్తినవాడొకడు, కోసినవాడొకడు. ఉపాధ్యాయులకు ఈ సత్యం కొత్త కాదు. మనం చెప్పిన అక్షరం ఏ బిడ్డలో ఏనాడు పండుతుందో చూడడానికి మనం ఎల్లప్పుడూ ఉండము.

మనకు మిగిలిన పాఠం

అజరయ్య జీవితాన్ని పరిశీలించినప్పుడు నాకు మూడు గుణాలు ప్రధానంగా కనిపిస్తాయి. చెప్పినదానిని తానే ముందుగా చేయడం మొదటిది. పేదవాణ్ణి జాలితో గాక గౌరవంతో చూడడం రెండవది. ఎంత పెద్ద సభలోనైనా, ఎంత గొప్పవాని ఎదుటనైనా నిజాన్ని స్నేహంగా చెప్పడం మూడవది. ఈ మూడింటికీ మూలం ఆయన ప్రార్థనలో ఉన్నదని ఆయన నమ్మారు. ఆయన విశ్వాసంలో భాగస్వాములు కానివారు కూడ ఆ ఫలాల మాధుర్యాన్ని గుర్తించగలరు.

మన పాఠశాల ఆవరణలో వేర్వేరు మతాల, కులాల, వృత్తుల కుటుంబాల బిడ్డలు ఒకే బల్ల మీద కూర్చొని ఒకే అక్షరమాల నేర్చుకొంటున్నారు. మధ్యాహ్నం ఒకే పంక్తిలో భోజనం చేస్తున్నారు. పాళయంకోటలో బాలుడైన అజరయ్య కోరుకొన్నది అటువంటి పంక్తినే. అది మనకు అలవాటైపోయినందువలన దాని విలువ మనకు తెలియకపోవచ్చును. దానిని సాధించడానికి ఒక తరం ఎంత శ్రమపడినదో ఈ తరం బిడ్డలకు చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది, తల్లిదండ్రులది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో పలువురు నేడు పేరుప్రతిష్ఠలు గడించి, దూరప్రాంతాలలో స్థిరపడి ఉన్నారు. మీరు ఎక్కడ ఉన్నా అక్కడివారి భాష నేర్వండి, అక్కడివారి కష్టం వినండి, మీ పిల్లలకు మాత్రం తెలుగు మరువనీయకండి. తెలుగుగడ్డ మీద పుట్టని ఒక మనిషి పల్లెపేదల మీది ప్రేమతో తెలుగును తన భాషగా చేసుకొన్నాడు. తెలుగు ఇంట పుట్టిన మనం దానిని నిలుపుకోవడానికి ఆయన పడిన శ్రమలో పదవ వంతు పడినా చాలును. పిడికెడు బియ్యంవలె, రోజుకు పిడికెడు మాటలు మన బిడ్డలతో తెలుగులో పంచుకొందాం. ఈ బడి నూరేండ్ల పండుగ జరుపుకొనే నాటికి ఆ పిడికెళ్ళే గాదెలు నింపుతాయి.